గడ ఎక్కడ ఆనింది?

దివిసీమలో కృష్ణ పాయలు దాటించే పడవవానికి తరతరాలుగా మూడు ఉపాయాలు తెలుసు. లోతు తక్కువైన చోట గడ వేసి అడుగుమట్టిని నెడతాడు. గడ అందని చోట తెడ్డు వేసి నీటిని వెనుకకు త్రోస్తాడు. గాలి అనుకూలిస్తే చాప ఎత్తుతాడు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలలో పడవల రాకపోకలు పెరిగాక నాలుగో ఉపాయం బాగా వాడుకలోకి వచ్చింది: గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగడం. తరువాత వచ్చిన ఇంజను పడవ కూడా మర త్రిప్పే తెడ్డే. వీటన్నిటిలోనూ పడవ దేన్నో ఒకదాన్ని ఆనుకొనే ముందుకు పోతున్నది. గడ అడుగున ఆనకపోతే పడవవాడు నీళ్ళలో పడతాడు గాని పడవ సాగదు.

దేన్నీ ఆనకుండా, ఏదీ వెనుకకు త్రోయకుండా, రాగితీగ చుట్టలలో విద్యుత్తు పారించినంత మాత్రాన ముందుకు పోయే యంత్రం ఒకటి చేయాలని చాలా కాలంగా పలువురు ప్రయత్నిస్తున్నారు. వారిలో గొప్ప చదువులు చదివినవారూ ఉన్నారు, ఇంటి వసారాలో పనిచేసినవారూ ఉన్నారు. ఆ రెండో తెగకు చెందిన ప్రయోగం ఒకటి 2023 వేసవిలో గుడివాడలో నా కళ్ళెదుట జరిగింది. అయితే దాని మంచిచెడ్డలు తెలియాలంటే ముందు ఈ కోరిక చరిత్ర కొంత తెలియాలి.

తెలుగు పండితుణ్ణి గనుక మాటతో మొదలుపెడతాను. యంత్రాన్ని ముందుకు త్రోసే క్రియకు మన శాస్త్రగ్రంథాలలో ‘నోదనం’ అనే మాట కనిపిస్తుంది. ఇది ఈ కాలంలో కల్పించిన పదం కాదు. వైశేషిక దర్శనంలో కణాదుడు చలనానికి కారణాలు చెబుతూ నోదనాన్నీ, అభిఘాతాన్నీ వేరువేరుగా పేర్కొన్నాడు. తాకి విడిపోయే దెబ్బ అభిఘాతం. విడిపోకుండా అంటి త్రోసేది నోదనం. రెండూ సంయోగంలో భేదాలే. అంటే తాకిడి లేని తోపును ఆ దర్శనం నోదనమని అనదు. దీన్నిబట్టి న్యూటను సూత్రాలు మనవారికి ముందే తెలుసునని వాదించడం నా ఉద్దేశం కాదు. త్రోపుడు అనే భావంలోనే రెండు వస్తువులు ఉన్నాయనీ, ఒకటే ఉంటే ఆ మాటకు అర్థం లేదనీ చెప్పడం వరకే నా పని.

ఈ నమ్మకాన్ని కదిలించింది విద్యుత్తు. 1820లో డెన్మార్కు దేశస్థుడు ఓర్‌స్టెడ్ విద్యుత్తు పారే తీగ ప్రక్కన దిక్సూచి ముల్లు పక్కకు తిరగడం చూశాడు. మరుసటి ఏడు ఇంగ్లండులో ఫారడే పాదరసంలో వ్రేలాడే తీగను అయస్కాంతం చుట్టూ త్రిప్పి చూపించాడు. 1825లో స్టర్జన్ ఇనుప కడ్డీకి తీగ చుట్టి విద్యుదయస్కాంతం చేశాడు. తీగకూ ముల్లుకూ మధ్య కంటికి కనిపించే తాకిడి ఏమీ లేదు. అయినా ముల్లు కదిలింది. తాకకుండా కదిలించవచ్చునన్నది నిజమైతే, త్రోయకుండానే కదలవచ్చునేమో అనే ఆశ పుట్టడంలో వింత లేదు. తీగ ముల్లును ఎంత బలంతో నెట్టిందో ముల్లు కూడా తీగను అంతే బలంతో నెట్టిందన్న సంగతి మాత్రం కంటికి కనపడదు. తీగ బల్లకు బిగించి ఉంటుంది గదా.

తీగచుట్టలతో త్రోపుడును గట్టిగా సాధించబూనినవారిలో నార్వే భౌతిక శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్ ఒకడు. ధ్రువకాంతుల మీద పరిశోధనలు చేసి పేరు పొందినవాడు. మందుగుండు లేకుండా, వరుసగా అమర్చిన తీగచుట్టల బలంతో ఇనుప గుండును విసిరే ఫిరంగికి 1901లో పేటెంటు తీసికొన్నాడు. కంపెనీ కూడా పెట్టాడు. 1903లో క్రిస్టియానియా నగరంలో, అంటే నేటి ఓస్లోలో, పెద్దల సమక్షంలో మీట నొక్కేసరికి చుట్టలలో షార్టు సర్క్యూటు జరిగి, పెద్ద చప్పుడుతో మెరుపు మెరిసింది. సభ చెదిరిపోయింది. ఫిరంగి వ్యాపారం అంతటితో ముగిసింది.

ఆ మెరుపు మాత్రం వృథా పోలేదు. గాలిలోని నత్రజనిని పట్టి ఎరువు చేయాలంటే అంతటి మెరుపే కావాలి. శామ్ ఐదె అనే ఇంజనీరుతో కలిసి బిర్కెలాండ్ ఆ పద్ధతిని సాధించాడు. విద్యుత్తు మెరుపును అయస్కాంత బలంతో పళ్ళెంలా పరచి, దానిగుండా గాలిని పంపేవారు. 1905లో నోర్స్క్ హైడ్రో సంస్థ పుట్టింది దాని మీదనే. తరువాత జర్మనీవారి హాబర్-బాష్ పద్ధతి చవకై దాన్ని వెనక్కి నెట్టింది. నేడు మన డెల్టా వరిచేలలో చల్లే యూరియా ఆ రెండో పద్ధతి సంతానమే అయినా, గాలి నుంచి ఎరువు తీసే పరిశ్రమకు తొలి దారి వేసినది మాత్రం పేలని ఫిరంగి. ఈ కథలో గమనించవలసినది మరొకటి ఉంది. బిర్కెలాండ్ ఫిరంగికి ఆనిక ఉంది. గుండు ముందుకు పోతే చుట్టలు వెనుకకు తన్నుకొంటాయి. అతని కష్టం తీగలూ మీటలూ తట్టుకోలేకపోవడమే గాని, ప్రకృతి నియమం అడ్డుపడడం కాదు.

అలాగే ఆనిక ఉన్న మరో యంత్రం ‘యమాటో-1’. జపానులో 1992లో కోబె రేవులో నడిపిన ఈ ఓడకు మర లేదు, తెడ్డు లేదు. ఉప్పునీటిలో విద్యుత్తు పారుతుంది. ఆ పారే నీటిని బలమైన తీగచుట్టల అయస్కాంత క్షేత్రంలో ఉంచితే నీరే వెనుకకు పరుగెడుతుంది. ఓడ ముందుకు పోతుంది. గంటకు సుమారు 15 కిలోమీటర్లు పోయింది. ఉప్పునీరు రాగిలాగా సుఖంగా విద్యుత్తును పోనీయదు గనుక ఖర్చు చేసిన శక్తిలో చాలావరకు వృథా అయింది, ఆ ఓడ ప్రదర్శనశాలకు చేరింది. అయినా దాని గడ సముద్రం మీద ఆనింది. హంసలదీవి దగ్గర సంగమంలో చెంబెడు నీళ్ళు తెచ్చి, రెండు రేకులూ ఒక బ్యాటరీ, క్రింద ఒక అయస్కాంతం పెడితే ఆ నీటి కదలిక పిల్లలు కూడా చూడవచ్చు.

ఇక ఆనిక లేదని చెప్పుకొన్న యంత్రాలు. 1959లో అమెరికాలో నార్మన్ డీన్ అనే ఆయన గిరగిర తిరిగే బరువులతో ముందుకు జరిగే యంత్రానికి పేటెంటు పొందాడు. మరుసటి ఏడు జాన్ కాంప్‌బెల్ తన పత్రికలో దాన్ని ఆకాశానికెత్తాడు. పడవలో కూర్చొని ఒంటిని ఒక వైపు మెల్లగా వంచి, మరో వైపు విసురుగా విదిలిస్తే పడవ కాస్త కాస్త జరుగుతుంది. విసురుకూ నెమ్మదికీ నీరు అడ్డుపడే తీరు వేరు కావడమే కారణం. డీన్ యంత్రం నేల రాపిడితో చేసినదీ అదే. నేల లేని చోట ఆ జరుగుడు ఉండదు.

2001 ప్రాంతంలో ఇంగ్లండుకు చెందిన రోజర్ షాయర్ ‘ఎమ్‌డ్రైవ్’ అనే దాన్ని ముందుకు తెచ్చాడు. ఒక వైపు వెడల్పు, మరో వైపు సన్నం అయిన మూసిన రాగి గిన్నెలో మైక్రోవేవ్ తరంగాలు నింపితే గిన్నె తనంత తాను ఒక వైపు పోతుందన్నాడు. 2016లో అమెరికా నాసాకు చెందిన ఒక బృందం కిలోవాటు శక్తికి 1.2 మిల్లీన్యూటన్ల తోపు కనిపించిందని ప్రకటించేసరికి లోకమంతా మారుమ్రోగింది. కిలోవాటు శక్తినంతా కాంతిగా మార్చి వెనుకకు చిమ్మితే వచ్చే తోపు మూడు మైక్రోన్యూటన్లకు కాస్త ఎక్కువ. మిల్లీగ్రాములో మూడోవంతు బరువు అన్నమాట. కాంతి కూడా ద్రవ్యవేగాన్ని మోసుకుపోతుంది గనుక అది న్యాయమైన తోపే. నాసా బృందం చెప్పినది దానికి మూడువందల రెట్లకు పైమాట.

అప్పుడు జర్మనీలోని డ్రెస్డెన్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ టాజ్‌మార్ బృందం అదే మాదిరి యంత్రాన్ని కట్టి, అతి సున్నితమైన త్రాసు మీద పెట్టింది. 2018లో వారు చూసినది ఇది: గిన్నెలోకి పోవలసిన తరంగాలను దారిలోనే అణచివేసినా తోపు దాదాపు అట్లాగే ఉంది! యంత్రం పనిచేయకున్నా తోపు ఉన్నదంటే అది యంత్రానిది కాదు. విద్యుత్తు తెచ్చే తీగలకూ భూమి అయస్కాంత క్షేత్రానికీ మధ్య పెనుగులాట కావచ్చునని వారు అనుమానించారు. 2021 నాటికి మరింత జాగ్రత్తగా కొలిచి, వేడికి భాగాలు వ్యాకోచించడం వంటి దొంగ కారణాలన్నీ తొలగించాక తోపే మిగలలేదని ప్రకటించారు.

భూమి అయస్కాంత క్షేత్రం అనే మాట బందరు వాళ్ళకు కొత్తది కాదు. 1605లో డచ్చివారి ఓడలూ, 1611లో ఇంగ్లీషువారి ఓడలూ ఈ రేవుకు వచ్చినది దిక్సూచి ముల్లు నమ్ముకొనే. చదువులోనూ ఈ ఊరికి చేతిపని సంప్రదాయం ఉంది. 1910లో కోపల్లె హనుమంతరావుగారు మిత్రులతో నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల పుస్తకంతో పాటు పనిముట్టును కూడా విద్యార్థి చేతికిచ్చింది. 1926లో ఇక్కడే పుట్టిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ శాస్త్ర పరికరాలు తయారుచేసింది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో చేరింది. ఆ సంస్థవారి రాత్రిచూపు పరికరాల కొత్త కర్మాగారం పామర్రు మండలం నిమ్మలూరులో 2025 అక్టోబరులో ప్రారంభమైంది. కొలిచే సాధనాలు చేయడం బందరు చేసిన సేవ.

మా తరం ఉన్నత పాఠశాలల్లో సైన్సు గది బీరువాలో టాంజెంట్ గాల్వనామీటరు అని ఒకటి ఉండేది. నిలువుగా నిలిపిన గుండ్రటి తీగచుట్ట, దాని నడుమ చిన్న దిక్సూచి. చుట్టలో విద్యుత్తు పారించి, ముల్లు ఎంత పక్కకు తిరిగిందో చూసి విద్యుత్తును కొలిచేవారు. ఒక వైపు నుంచి చుట్ట, మరో వైపు నుంచి భూమి ముల్లును లాగుతాయి. రెంటి మధ్య ముల్లు ఎక్కడ ఆగితే అదే కొలత. విద్యుత్తు పారే చుట్టకూ భూమికీ పోటీ ఉంటుందని పద్నాలుగేళ్ళ పిల్లవాడికి చెప్పే పరికరం అది. డ్రెస్డెన్ త్రాసు మీద తేలిన అనుమానం ఈ బీరువాలోనే ఉంది.

ఇప్పుడు గుడివాడకు వస్తాను. పొలాల్లో కాలిపోయిన మోటార్లకు తిరిగి తీగ చుట్టే పని చేసే నా పూర్వవిద్యార్థి ఒకతను ఉన్నాడు. చేతి నేర్పు గలవాడు. అతను 19 గేజి ఎనామిల్ తీగతో 20 సెంటీమీటర్ల వెడల్పున రెండు చుట్టలు చుట్టాడు. రెండిటికీ కలిపి 300 చుట్లు. వాటిని ఎదురెదురుగా ఒక మీటరు పొడుగు చెక్క కొసన బిగించాడు. మొదటి చుట్టకు విద్యుత్తు ఇచ్చి, క్షణంలో అణువంత ఆలస్యంగా రెండోదానికి ఇస్తే, మొదటిదాని క్షేత్రం రెండోదాన్ని త్రోస్తుంది గాని రెండోది తిరిగి త్రోసేలోగా మొదటిది ఆరిపోతుందని అతని ఆలోచన. దేశవిదేశాలలో చాలామందికి తోచిన ఊహే ఇది. చెక్కను వల నేసే నైలాను తాడుతో వసారా దూలానికి వ్రేలాడగట్టి, 12 వోల్టుల బ్యాటరీ కలిపితే చెక్క నిదానంగా, ప్రతిసారీ ఒకే వైపుకు తిరిగింది.

అతను నా దగ్గరకు వచ్చినది చెక్క కోసం కాదు. ‘వైమానిక శాస్త్రం’ పుస్తకం తెచ్చి, “మాస్టారూ, దీనికి ఇందులో ఆధారం ఏమైనా ఉందేమో చూసిపెట్టండి” అన్నాడు. అది పండిత సుబ్బరాయశాస్త్రి 1918కీ 1923కీ మధ్య చెప్పగా వ్రాసికొన్న గ్రంథమనీ, 1974లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు దాన్ని పరిశీలించి అందులోని విమానాలు ఎగరజాలవనీ, గ్రంథం ప్రాచీనమూ కాదనీ తేల్చారనీ చెప్పాను. అతను చిన్నబుచ్చుకోలేదు. “పుస్తకం పోనీయండి మాస్టారూ, చెక్క తిరుగుతున్నది గదా” అన్నాడు. ఆ మాటకు జవాబు పుస్తకాలలో దొరకదు. అసలు సంగతి తరువాత బయటపడింది. పెద్ద యంత్రం కట్టడానికీ, పేటెంటు ఇప్పిస్తామన్న మధ్యవర్తులకు ఇవ్వడానికీ అవనిగడ్డ దగ్గర తల్లి పేర ఉన్న అరెకరం అమ్మకానికి పెట్టాడు. ఆమె వేలిముద్ర వేయడమే తరువాయి.

విశ్రాంత సైన్సు మాస్టారొకరిని బందరు నుంచి వెంటబెట్టుకొని గుడివాడ వెళ్ళాను. ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. “బాబూ, నీ యంత్రాన్ని నాలుగు ప్రశ్నలు అడుగుదాం” అన్నారు.

మొదటి ప్రశ్న: చెక్కను కొసలు మార్చి కడితే ఏమౌతుంది? తోపు యంత్రానిదే అయితే ఎట్లా కట్టినా చెక్క ప్రదక్షిణంగానే తిరగాలి. కట్టి చూశాము. ఈసారి అప్రదక్షిణంగా తిరిగింది. రెండవది: చెక్కను తూర్పుపడమరలుగా నిలిపి, చుట్టల ముఖం ఉత్తరానికి పెడితే? కదలలేదు. అతని ఇల్లు వాస్తు ప్రకారం దిక్కులకు సరిగ్గా కట్టినది. వసారా దూలం ఉత్తరదక్షిణాలుగా ఉంది. చెక్కను ఎప్పుడూ దూలం వెంబడే నిలిపి మొదలుపెట్టేవాడు గనుక ప్రతిసారీ అది ఒకే వైపు తిరిగింది. మూడవది: అంతే తీగను మధ్యకు మడిచి జంటగా చుడితే విద్యుత్తూ, వేడీ అంతే ఉంటాయి, అయస్కాంత బలం మాత్రం చెల్లిపోతుంది. అటువంటి చుట్ట అతనే రాత్రికి రాత్రి చుట్టాడు. చెక్క కదలలేదు.

నాల్గవది అన్నిటికన్నా చక్కనిది. బ్యాటరీతో సహా చెక్కను థర్మకోలు తెప్ప మీద పెట్టి, పశువుల నీళ్ళ గాబులో వదిలి, పైన గాలి తగలకుండా టార్పాలిన్ కప్పాము. మీట వేయగానే తెప్ప మెల్లగా తిరిగి, చుట్టల ముఖం ఉత్తరానికి వచ్చేసరికి అటూ ఇటూ ఊగి నిలిచింది. గాబు ఈ అంచు నుంచి ఆ అంచుకు పోవలసిన తెప్ప ఉన్నచోటనే ఉంది.

మాస్టారు కాగితం మీద లెక్క వేశారు. 300 చుట్లు, సుమారు 3 ఆంపియర్లు, మన ప్రాంతంలో భూక్షేత్రం అడ్డబలం సుమారు 0.4 గాస్. చెక్క కొసన పావు గ్రాము బరువంత నెట్టుడు రావాలి. వసారాలో కనిపించినది అందుకు తగ్గట్టే ఉంది. ఇక ఆలస్యం సంగతి. విద్యుదయస్కాంత ప్రభావం కాంతి వేగంతో పోతుంది. జానెడు దూరం దాటడానికి సెకనులో నూరుకోట్ల వంతు కూడా పట్టదు. మామూలు మీటలు అంత వేగంగా వేయలేవు. వేయగలిగినా, దారిలో ఉన్న క్షేత్రమే ఆ ద్రవ్యవేగాన్ని మోస్తుంది. పద్దు ఎక్కడా తప్పదు.

అతను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “అయితే మాస్టారూ, గడ భూమి మీద ఆనింది. భూమినే ఆనుకొని పనిచేసే యంత్రం ఉండకూడదా?” అన్నాడు. సైన్సు మాస్టారి ముఖం వెలిగింది. ఉన్నదన్నారు. భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహాలలో చాలావాటికి ఇటువంటి తీగచుట్టలే ఉంటాయి. మన ఐ.ఆర్.ఎస్. ఉపగ్రహాలలోనూ వాటిని వాడారు. విద్యుత్తు పారించగానే అవి భూక్షేత్రాన్ని పట్టుకొని ఉపగ్రహాన్ని కావలసిన వైపు మళ్ళించడానికి తోడ్పడతాయి. ఇంధనం ఖర్చు కాదు. ఐతే త్రిప్పగలవే గాని త్రోయలేవు. చుట్ట ఉన్నంత మేర భూక్షేత్రం అన్నిచోట్లా ఒకే తీరుగా ఉంటుంది గనుక ఒక అంచును ఎంత లాగుతుందో ఎదుటి అంచును అంతే ఎదురు లాగుతుంది. అందుకే గాబులో తెప్ప తిరిగింది, జరగలేదు. అతను వసారాలో కట్టినది ఆ పరికరానికి పెద్దన్నవంటిది. పేరే వేరు పెట్టాడు.

త్రోయడానికి రాకెట్టే కావాలి. తన కడుపులోని వాయువునే వెనుకకు చిమ్మి దాన్ని ఆనుకొంటుంది గనుక దానికి నేలతో, నీటితో పని లేదు. నాగాయలంక మండలం గుల్లలమోద వద్ద క్షిపణి ప్రయోగ కేంద్రానికి 2025 మే 2న శంకుస్థాపన జరిగింది. పడవ గడలు ఆనిన నేల మీద నుంచే ఇక రాకెట్లు లేస్తాయి.

అరెకరం అమ్మలేదు. మధ్యవర్తుల ఫోనులకు అతనే జవాబిచ్చుకొన్నాడు, మేము కల్పించుకోలేదు. అతని నోటుపుస్తకం నేను అడిగి తీసికొని చూశాను. తేదీలతో, తీగ గేజీలతో, చెక్క ఎటు తిరిగిందో బాణం గుర్తులతో ముప్ఫై రెండు ప్రయోగాలు వ్రాసిపెట్టుకొన్నాడు. తనకు అనుకూలించనివి ఒక్కటీ కొట్టివేయలేదు. గాబు ప్రయోగం క్రింద చివరి వరుసలో “తోపు లేదు, త్రిప్పుడు ఉంది” అని ఉంది. తెలుగు మాస్టారుగా ఆ వాక్యంలో దిద్దవలసినది నాకేమీ కనిపించలేదు.